పాత ఆటలకు కొత్త పెట్టె

ప్రశ్న: మేం ముగ్గురం ఇంజినీర్లం. చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడుకున్న వీడియో గేమ్ లాంటిదే కొత్తగా తయారుచేద్దామనుకుంటున్నాం. క్యాసెట్ పెట్టగానే ఆట మొదలవ్వాలి. ఇంటర్నెట్, అప్‌డేట్ల గొడవ ఉండకూడదు. డిజైన్ బొమ్మలు సిద్ధం. క్రౌడ్‌ఫండింగ్‌కి వెళ్లమంటారా?
— ఓ పాఠకుడు, వరంగల్

జవాబు: బొమ్మలు చూపించి డబ్బు అడక్కండి. 2015లో అమెరికాలో 'రెట్రో వీజీఎస్' అచ్చంగా మీ ఆలోచనతోనే వచ్చింది. పైడొప్పకు పాత అటారీ జాగ్వార్ అచ్చులే వాడుకున్నారు. క్రౌడ్‌ఫండింగ్ సైట్ ఇండీగోగోలో 19.5 లక్షల డాలర్లు అడిగితే అందులో కొద్ది భాగానికే హామీ దొరికింది. పనిచేసే నమూనా లేదు మరి. తర్వాత పాత గేమ్ కంపెనీ కోలెకో పేరు తగిలించుకుని, 'కమీలియన్'గా మారి, 2016 ఫిబ్రవరిలో న్యూయార్క్ టాయ్ ఫెయిర్‌కి వెళ్లింది. వెనక సాకెట్లు చూసిన అభిమానులు లోపలున్నది పాత కన్సోల్ సూపర్ నింటెండోయేనన్నారు. ఆ తర్వాత వదిలిన ఫొటోలోని బోర్డు వీడియో క్యాప్చర్ కార్డని కూడా వాళ్లే పట్టేశారు. మార్చికల్లా కోలెకో తప్పుకుంది. మీరు అమ్మబోయేదీ ఇలాంటి అభిమానులకే. పాత యంత్రాలు విప్పి బాగుచేసుకునేవాళ్ల కళ్లు కప్పలేం.

మీది నిజాయితీ అనే అనుకుందాం. ఆటలెవరు రాస్తారు? క్యాసెట్‌కి చిప్, బోర్డు, ప్లాస్టిక్ అన్నిటికీ ముందే డబ్బు పెట్టాలి, మిగిలిపోతే గోడౌన్ పాలు. అదే ఆట స్టీమ్ ఆన్‌లైన్ స్టోర్‌లో పెడితే డెవలపర్‌కి ఆ బాధే లేదు. ఎవరి ఇంట్లోనూ లేని యంత్రానికి ఆయన ఎందుకు రాస్తాడు? ఆటల్లేవని జనం కొనరు, జనం లేరని ఆటలు రావు. 2012లో కిక్‌స్టార్టర్‌లో 85 లక్షల డాలర్లు రాబట్టిన ఊయా కన్సోల్ సంగతీ అంతే. 2019లో దాని సర్వర్లు ఆపేశారు.

ధర ఇంకో చిక్కు. నింటెండోయే 2016లో 30 ఆటలతో ఎన్‌ఈఎస్ క్లాసిక్‌ని 60 డాలర్లకు అమ్మింది. చవగ్గా దొరికే చైనా చేతి కన్సోళ్లు చాలావాటిలో లైసెన్సు లేని ఆటలుంటాయి. మీకు ఆ దారి లేదు.

నెగ్గినవాళ్లూ ఉన్నారు. 2021లో ప్యానిక్ సంస్థ 179 డాలర్ల చేతి కన్సోల్ ప్లేడేట్‌కి ముందస్తు ఆర్డర్లు తెరిస్తే 20 నిమిషాల్లో 20 వేలు అయిపోయాయి. పక్కన తిప్పే పిడి, నలుపు తెలుపు తెర, దానికోసమే రాయించిన 24 కొత్త ఆటలు. కొనేవాడికి అవి అప్పట్లో ఇంకో యంత్రంలో దొరకలేదు.

కాబట్టి యంత్రం సంగతి తర్వాత. ముందు ఒక ఆట రాసి, ఇప్పటికే జనం దగ్గరున్న పాత కన్సోల్ సెగా మెగా డ్రైవ్‌కి క్యాసెట్‌గా అమ్మి చూడండి. 2019లో 'జెనో క్రైసిస్' అలాగే వచ్చింది. కొన్ని వందలు కూడా అమ్ముడుపోకపోతే, కన్సోల్ ఆలోచన మానుకోండి.