చూసేది రైతులు, కొనేది ఎవరు? కుర్రకారుకు కొర్రలు అమ్మే వీడియో ఎలా తీయాలి

పై వీడియోలో మన కొర్ర చేను చూశారు కదా. ఈ కొర్రల్ని బస్తాల్లో మార్కెట్‌కు తీసుకుపోతే మందులు కొట్టిన పంటకూ, మన పంటకూ ఒకటే రేటు. గింజ చూసి తేడా ఎవరూ చెప్పలేరు. మనం ఎలా పండించామో కొనేవాళ్లకు కనపడాలి. అందుకే వీడియో.

ముందు నా తప్పు చెబుతా. నా మొదటి వీడియో పన్నెండు నిమిషాలు. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి... జీవామృతం మొత్తం చూపించా. చానామంది చూశారు. కొర్రలు కావాలని ఒక్కరూ అడగలేదు. చూసినవాళ్లంతా మనలాంటి రైతులే మరి!

మన మొదటి గిరాకీ ఎవరంటే, ఆదోని, ఎమ్మిగనూరు నుంచి బెంగళూరు, హైదరాబాద్ పోయి ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలే. మా పిన్ని కొడుకు ఒకసారి ఫోన్ చేసి, "అన్నా, కొర్రన్నం గట్టిగా వస్తాంది, ఎట్ల వండాల?" అన్నాడు. ఆరు గంటలు నానబెట్టి, గ్లాసుకు రెండున్నర గ్లాసుల నీళ్లు పోయమన్నా. అదే మాట మా అమ్మ వండుతుంటే ముప్పై సెకన్లు తీసి పెట్టా. మొదటి ఆర్డర్లు దానికే వచ్చాయి.

మీరు ఇలా చేయండి:

1. ఒక వీడియోకు ఒకే ప్రశ్న. జవాబు మొదటి మూడు సెకన్లలోనే మొదలవ్వాలి. సౌండ్ తీసేసి చూసేవాళ్లూ ఉంటారు, మాటలు తెర మీద రాయండి.

2. కొర్ర దాదాపు 90 రోజుల పంట. ఐదు సాళ్ల కొర్రకు ఒక సాలు కంది విత్తడం, వెన్ను తీయడం, కోత, నూర్పిడి, పొట్టు తీయడం అన్నీ చిన్న చిన్నగా చూపండి. పురుగు పడితే అదీ చూపండి. దాచితే నమ్మకం పోతుంది.

3. "షుగర్ పోతుంది" అనకండి. రోగం నయమవుతుందని తిండి గింజలు అమ్మడం చట్టం ఒప్పుకోదు. సర్టిఫికెట్ లేకుండా ప్యాకెట్ మీద "ఆర్గానిక్" అని వేయకండి. పిజిఎస్ గ్రూపులో చేరితే ఆ దారి దొరుకుతుంది.

4. 2020 జూన్‌లో మన దేశంలో టిక్‌టాక్ నిషేధించారు. దాన్నే నమ్ముకున్నవాళ్లకు వేలమంది ఫాలోవర్లు ఒక్కసారిగా పోయారు. ఆ ఏడాదే రీల్స్, షార్ట్స్ వచ్చాయి. రేపు ఇంకోటి రావచ్చు. కాబట్టి వీడియో పరిచయానికే, గిరాకీ నంబరు మాత్రం మన దగ్గరుండాలి. వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగ్ పెట్టి బరువు, ధర, కోత నెల రాయండి. మీ నంబరు సేవ్ చేసుకోమని ముందే చెప్పండి. సేవ్ చేసుకోకపోతే బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ వాళ్లకు చేరదు.

ఈ వారం మీ ఇంట్లోని కుర్రోళ్లను కూర్చోబెట్టి, మన పంట గురించి వాళ్లకు తెలియనిది ఏదో అడగండి. దాని జవాబే మీ మొదటి వీడియో. తీశాక కింద కామెంట్‌లో చెప్పండి, చూసి మాట్లాడుకుందాం.