పార్టీని పంపేవాళ్లు

చి. సౌ. అమ్మలుకు,

బీమా ఏజెంటు పరీక్ష పాసయ్యావు, ఏజెన్సీ కోడ్ కూడా వచ్చిందన్నావు. సంతోషం. ఆడిటరు గారి గుమాస్తా పాలసీకి ఇంతని చేతిలో పెడితే పాలసీ తీసుకునే పార్టీలను పంపిస్తానంటున్నాడు, ఇవ్వొచ్చా అని అడిగావు.

ఇవ్వకూడదు. 1938 నాటి బీమా చట్టం 40వ సెక్షన్ ప్రకారం, ఏజెంటో ఇంటర్మీడియరీయో కాని మనిషికి వ్యాపారం తెచ్చిపెట్టినందుకు కమీషన్ గానీ బహుమతి గానీ ఇవ్వడానికి వీల్లేదు. పార్టీకి నీ కమీషన్‌లో వాటా వదలడం 41వ సెక్షన్ కింద తప్పు. దొరికితే పది లక్షల దాకా జరిమానా. భీమవరంలో ఎవరొచ్చి చూస్తారంటావేమో. చట్టం సంగతి పక్కన పెట్టు. నువ్వు ఐదొందలు ఇస్తే వచ్చే నెల ఇంకొకడు ఏడొందలు ఇస్తాడు, ఆ పార్టీలన్నీ అటే పోతాయి. డబ్బుకి పంపేవాడికి నువ్వెలాంటి ఏజెంటువో అక్కర్లేదు. ఊరికే పంపేవాడికే అది కావాలి, ఎందుకంటే రేపు ఏదైనా తేడా వస్తే పార్టీ వెళ్లి అడిగేది అతన్నే.

కాబట్టి గుమాస్తాని వదిలేసి ఆడిటరు గారినే కలువు. జూలైలో వెళ్లకు, రిటర్నుల గడువు. సెప్టెంబరు ఆఖరున టాక్స్ ఆడిట్ల హడావుడి, అప్పుడూ వద్దు. మా రోజుల్లో ఫిబ్రవరి, మార్చి వచ్చాయంటే 80సీ పేరు చెప్పి ఆడిటర్లే జనాన్ని మా మీదికి తోసేవాళ్లు. 2023-24 నుంచి కొత్త పన్ను విధానమే మామూలు విధానమైపోయింది, అందులో 80సీ, 80డీ మినహాయింపులు లేవు. పన్ను తగ్గుతుందన్న మాట మీద పాలసీ అమ్మే కాలం చాలావరకు పోయినట్టే. ఒకరకంగా మంచిదే జరిగింది. మార్చి ముప్పయ్యొకటిన ఏం తీసుకుంటున్నాడో కూడా తెలియకుండా సంతకం పెట్టినవాళ్లలో ఎంతోమంది రెండో ఏడే ప్రీమియం కట్టడం మానేసేవాళ్లు.

మరి ఆడిటరు గారి దగ్గర ఏం మాట్లాడాలి? మీ ఊళ్లో చూడు: రొయ్యల రైతుకి మేత కొట్లో అరువు, చెరువు లీజు, వ్యానుకి లోను. రొయ్యకి తెల్లమచ్చ జబ్బు తగిలితే పంట మొత్తం పోతుంది, అప్పు మాత్రం అలాగే ఉంటుంది. ఆ మనిషి పోతే అప్పులిచ్చినవాళ్ల చూపు పాలసీ డబ్బు మీద పడుతుంది. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం 6వ సెక్షన్ ఇక్కడే పనికొస్తుంది. పెళ్లయిన మగవాడు తన ప్రాణం మీద, భార్యాపిల్లల కోసమని రాసి పాలసీ తీసుకుంటే ఆ డబ్బు వాళ్ల ట్రస్టు సొమ్మవుతుంది. అప్పులవాళ్లను మోసం చేయడానికే తీశాడని రుజువైతే తప్ప దాన్ని జప్తు చేయించలేరు. ఈ చట్టం కింద నింపే ఫారం ప్రపోజల్‌తోపాటే పెట్టాలి, తర్వాత గుర్తొస్తే కుదరదు. రేపు ఆ పాలసీని తన సొంత అవసరానికి సరెండర్ చేసుకోలేడు, దాని మీద అప్పూ తీసుకోలేడు. ఈ సంగతి పార్టీకి ముందే చెప్పాలి. ఆడిటరు గారికి ఈ చట్టం తెలిసే ఉంటుంది. ఆయనకు దొరకనిది, ఫారం సరిగ్గా నింపి, అందులో ఇబ్బందులు కూడా పార్టీకి విప్పి చెప్పే ఏజెంటు.

‘ఎవరైనా ఉంటే చెప్పండి సార్’ అని మాత్రం అనకు. సరేనంటారు, నువ్వు గుమ్మం దాటగానే మరిచిపోతారు. ‘ఈ ఏడు ఐస్ ఫ్యాక్టరీకో వ్యానుకో లోను తీసుకుని, పదేళ్లలోపు పిల్లలున్నవాళ్లు మీ పార్టీల్లో ఎవరున్నారు?’ అని అడుగు. ఒక మొహం గుర్తొస్తుంది. అదే చాలు. జీఎస్టీ నోటీసు పట్టుకుని తిరిగే నీ పార్టీ ఎవరైనా ఉంటే ఆయన దగ్గరికి పంపు, ముందు ఫోన్ చేసి విషయమేంటో చెప్పి మరీ పంపు. పంపినందుకు ఆయన నీకు కమీషన్ ఇవ్వకూడదు, వాళ్లకూ నిబంధనలున్నాయి. నువ్వూ ఆశించకు.

ఇక పంపే మనుషుల్లో ఎవరూ లెక్కలోకి తీసుకోనివాళ్లు రిజిస్ట్రారాఫీసు ముందు కూర్చునే దస్తావేజు లేఖరి, మీసేవలో కుర్రాడు. ఇంట్లో మనిషి పోయాక ఆడవాళ్లు మొదట వెళ్లేది వాళ్ల దగ్గరికే. చేతిలో పాలిథిన్ కవరు. అందులో పట్టాదారు పాసుపుస్తకం, రేషన్ కార్డు జిరాక్స్, మడతలు చిరిగిపోతున్న బాండు. విప్పి చూస్తే నామినీగా అత్తగారి పేరు. పెళ్లికి ముందు, ఇరవై రెండేళ్లప్పుడు తీసుకున్న పాలసీ, ఆ తర్వాత ఎవరూ మార్చలేదు. 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే మామూలుగా ఆ డబ్బు వాళ్లదే. ఆ తల్లి ఇస్తే కోడలికి, లేకపోతే లేదు.

అందుకని మనిషి బతికుండగానే ఆ బాండు చూడాలి. నీ దగ్గర తీసుకున్నది కాకపోయినా సరే, నామినీ మార్పు కాగితం నువ్వే నింపి బ్రాంచిలో ఇప్పించి, రసీదు వాళ్ల చేతిలో పెట్టు. దానికి నీకొక్క పైసా రాదు. ఆ లేఖరి తన దగ్గరికి వచ్చినవాళ్లకు నీ పేరు చెప్పేది అలాంటి పనులు చూసే. క్లెయిమ్ ఇంటికి వెళ్లినప్పుడు పెద్దకర్మ అయ్యేదాకా ఫారం బయటికి తీయకు. ఆ ఇంట్లో కొత్త పాలసీ మాట ఎత్తనే ఎత్తకు.

ఒక్కోసారి వాళ్లు పంపిన పార్టీ మాటనే కాదనాల్సి వస్తుంది. ఆడిటరు గారు పంపిన పెద్దమనిషి షుగర్ మాత్రలు వేసుకుంటూ ‘లేదని రాసేయమ్మా’ అంటాడు. మూడేళ్లు దాటితే కంపెనీ నోరెత్తలేదని బీమా చట్టం 45వ సెక్షన్ చూపించి ధైర్యం చెప్పే ఏజెంట్లున్నారు. ఆ మూడేళ్లలోపే పోతే? కంపెనీ ఆసుపత్రి కాగితాలు తవ్వుతుంది, క్లెయిమ్ తిరస్కరిస్తుంది, ఆడిటరు గారి గది తలుపు నీకు మూసుకుపోతుంది. ఉన్నది ఉన్నట్టు రాస్తే ప్రీమియం కాస్త పెరగొచ్చు, హెల్త్ పాలసీలో అయితే పాత జబ్బుకి గరిష్ఠంగా మూడేళ్లు ఆగాల్సి రావచ్చు. వద్దంటే మర్యాదగా మానేయ్. ఆయన షుగర్ సంగతి మాత్రం ఆడిటరు గారికి కూడా చెప్పకు. ‘కలిశానండీ, మాట్లాడాను’ అంటే చాలు. పాలసీ ఎంతకి తీసుకున్నాడో కూడా ఆయనకి అనవసరం.

బ్యాంకు మేనేజర్ల చుట్టూ తిరగకు, బ్యాంకులే కార్పొరేట్ ఏజెంట్లు. వాళ్లకీ టార్గెట్లుంటాయి, నీకెందుకు పంపుతారు? పండగలకు నీ ఫొటోతో వాట్సాప్‌లో శుభాకాంక్షలు కూడా అక్కర్లేదు, ఆ బొమ్మలు చూసి పాలసీ తీసుకున్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు. తోటి ఏజెంట్లను మాత్రం పోటీదార్లుగా చూడకు. నువ్వు ఒక జీవిత బీమా కంపెనీకి, ఒక జనరల్‌కి, ఒక హెల్త్‌కి మాత్రమే ఏజెంటువి కాగలవు. నీ కంపెనీ ఇవ్వలేనిది పార్టీకి అవసరమైతే, అది ఇవ్వగల ఏజెంటు పేరు చెప్పు. లారీల బీమాలే చూసేవాళ్లు మీ ఊళ్లో ఉంటారు. లారీ ఓనర్లకి టర్మ్ పాలసీ కావాల్సి వచ్చినప్పుడు వాళ్లకి నువ్వు గుర్తుండాలి.

పంపిన పేర్లన్నీ ఒక పుస్తకంలో రాసుకో: ఎవరు పంపారు, ఏం జరిగింది, మళ్లీ ఎప్పుడు వెళ్లాలి. ఆడిటరు గారిని ఆగస్టులో కలువు. వెళ్లేముందు నేను చెప్పిన ఆ 1874 చట్టం ఫారం మీ బ్రాంచిలో ఒకటి తెచ్చుకుని, మీ బావ పేరు మీద ఉత్తుత్తిగా నింపి నాకు ఫొటో తీసి పంపించు. ట్రస్టీ గడిలోనే అందరూ తడబడతారు, అది చూసి చెబుతాను.

ఇట్లు,
మామయ్య