న్యాయ సలహా: అక్కబిడ్డను పెంచుచున్న పిన్ని

అక్కయు బావయు ఒకే సంవత్సరమున గతించగా, వారి తొమ్మిదేండ్ల కుమార్తెను తన కన్నకూతురితో సమానముగ పెంచుకొనుచున్న ఒక సోదరి, ఊరిపెద్దల సమక్షమున అమ్మమ్మ ఆ పిల్లను తనకు దత్తత యిచ్చినట్లు నూరు రూపాయల స్టాంపు కాగితముపై వ్రాయించి నోటరీ ముద్ర వేయించిన పత్రము నకలు పంపి, ఇది చెల్లునా యనియు, పిల్ల తండ్రి స్వార్జితమైన రెండెకరముల పొలమును కౌలుకిచ్చుటకో, చదువు నిమిత్తము అమ్ముటకో తనకు అధికారము కలదా యనియు అడిగినది.

ఆమె వాత్సల్యమును శంకించువాడెవడును లేడు. కాని ఆ పత్రము చెల్లదు. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టము ప్రకారము తల్లిదండ్రులిరువురును లేని బిడ్డను సంరక్షకులు దత్తత యియ్యవలెనన్న న్యాయస్థానపు అనుమతి ముందుగ పొంది తీరవలెను. అమ్మమ్మ కన్నీటితో ఒడిలో పెట్టి యిచ్చినను ఆ అనుమతి లేని లోటు తీరదు. అంతియ గాక, కన్నకూతురు జీవించియుండగా మరియొక ఆడపిల్లను దత్తత చేసికొనుటకు ఆ చట్టము సమ్మతింపదు. నోటరీ ముద్ర సంతకములకు సాక్ష్యమే గాని, లేని హక్కును పుట్టించు మంత్రము గాదు. ఈ సంగతి ముందే చెప్పకుండ రుసుము పుచ్చుకొనువారు ప్రతి కోర్టు ఆవరణలోను చెట్టునీడన కనబడుచునే యుందురు.

అయినను మార్గము మూయబడలేదు. 2015 నాటి బాలల న్యాయ చట్టము బంధువుల మధ్య దత్తతకు వేరొక త్రోవ నేర్పరచినది. బాబాయి, మేనత్త, మేనమామ, పినతల్లి, తాత, నాయనమ్మ, అమ్మమ్మ వంటి వారిని అది బంధువులుగ గుర్తించినది, మతభేదము పాటింపలేదు, కన్నకూతురున్నదను అభ్యంతరమును పెట్టలేదు. కేంద్ర దత్తత సంస్థ వారి ఆన్‌లైన్ నమోదులో భార్యాభర్తలిద్దరును సమ్మతించి దరఖాస్తు చేయవలెను. తల్లిదండ్రులు లేరు గావున బాలల సంక్షేమ సమితి అనుమతి కావలెను. అయిదేండ్లు నిండిన బిడ్డ సమ్మతియు కావలెను. పిల్లనడుగుటేమని మన పెద్దలు నవ్వుదురేమో గాని, ఈ నిబంధనయే నాకు మిక్కిలి ముచ్చట గొల్పినది. 2022 సెప్టెంబరు 1 నుండి దత్తత ఉత్తర్వు నిచ్చు అధికారము న్యాయస్థానము నుండి జిల్లా కలెక్టరునకు సంక్రమించినది. ఆ ఉత్తర్వుతో పిల్ల సకల విషయములందును పిన్నికి కూతురగును. అంతకు మున్నే తనకు సంక్రమించిన ఆస్తిని మాత్రము కోల్పోదు.

ఇక పొలము మాట. పెద్దకర్మనాటికి కానరాని బంధువులు పట్టాదారు పాసుపుస్తకము పేరు వినబడినంతనే ప్రత్యక్షమగుట లోకములో నున్నదే. ఆ భూమి పిల్లది, నాయనమ్మ జీవించి యున్నచో ఆమెకును వాటా కలదు, బాబాయిలకు లేదు. అయితే బిడ్డను ప్రేమతో సాకుచున్నంత మాత్రమున పిన్నికిని ఆ భూమిపై అధికారము రాదు. కేవలము సంరక్షణలో నుంచుకొన్న కారణముచేత హిందూ మైనరు ఆస్తిని ఎవరును విక్రయించుట గాని, ఇతర విధముల వ్యవహరించుట గాని చేయరాదని 1956 నాటి మైనారిటీ, సంరక్షకత్వ చట్టము నిషేధించినది. సదుద్దేశముతో ఫీజు కొరకు అమ్మినను ఆ విక్రయము నిలువదు. కావున దత్తత కొరకు వేచియుండక, మొదట 1890 నాటి సంరక్షకుల చట్టము క్రింద పిల్ల నివసించుచున్న జిల్లా కోర్టులో దరఖాస్తు చేసి సంరక్షకురాలిగ నియామకము పొందుడని నా సలహా. న్యాయమూర్తి బిడ్డ క్షేమమునే ప్రధానముగ చూచును. తెలివి వచ్చిన పిల్ల యైనచో ఆమె యిష్టమును గూడ తెలిసికొనవచ్చును. నియమితులైన పిదప సైతము భూమి నమ్ముటకు కోర్టు అనుమతి తప్పదు. అది అవసరము గాని, బిడ్డకు స్పష్టమైన లాభము గాని యున్నప్పుడే లభించును.

బంధువుల యింట పెరుగు అనాథ బాలలకు మిషన్ వాత్సల్య పథకము క్రింద నెలకు 4,000 రూపాయల ఆర్థిక సహాయము కలదు; కుటుంబ వార్షికాదాయము గ్రామములలో 72,000, పట్టణములలో 96,000 రూపాయలు మించరాదు. జిల్లా బాలల సంరక్షణ విభాగమున అడుగవలెను. ఆ కార్యాలయపు జాడ అంగన్‌వాడీ కార్యకర్తకు తెలిసియుండును.

బస్టాండులోనో గుడిమెట్లపైనో దొరికిన పసికందును దేవుడిచ్చిన బిడ్డయని ఇంటికి కొనిపోయి పెంచుకొనువారి సంగతి వేరు. అట్టి బిడ్డను ఇరువదినాలుగు గంటలలోపున, ప్రయాణకాలము మినహా, బాలల సంక్షేమ సమితి యెదుట నుంచవలెను. 1098కు ఫోను చేసినచో వారే వత్తురు. తెలిసియు తెలియజేయకుండుట నేరము. చట్టము నిర్ణయించిన పద్ధతిని విడిచి అట్టి బిడ్డను దత్తత చేసికొన్నచో మూడేండ్లవరకు జైలుగాని, లక్ష రూపాయల జరిమానాగాని, రెండునుగాని పడవచ్చును. ఆ పసికందును కన్నతల్లి వెదకుచుండవచ్చును. రెండేండ్లలోపు బిడ్డను దత్తతకు అర్హునిగ ప్రకటించుటకు ముందు రెండు నెలలు విచారణకు గడువిచ్చినది అందులకే.

మా సోదరి ఈ వ్యవహారములకు వకీలు ఫీజును తలచి జంకనక్కరలేదు. 1987 నాటి న్యాయ సేవాధికార చట్టము స్త్రీలకును బాలలకును ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము పొందు హక్కు నొసగినది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు పోవునపుడు అక్కబావల మరణ ధ్రువపత్రములు, పిల్ల జనన ధ్రువపత్రము, ఆధార్ కార్డులు, పాసుపుస్తకపు నకలు వెంట నుంచుకొనవలెను. ఆ నోటరీ కాగితము నింటనే యుంచవచ్చును.