చిత్రపటముల సాయమున ఆంగ్ల రచన నేర్పుట

ఆంగ్లమున నాలుగు వాక్యములు వ్రాయుమనగానే చిన్న తరగతుల పిల్లలు కలము నోట బెట్టుకొని కూర్చుండుట ఉపాధ్యాయులందరు నెరిగినదే. వారికి ఊహ లేకపోలేదు; ఊహకు దగిన మాట అందక యున్నది. ఈ కొరతను దీర్చుటకు చిత్రపటము మిక్కిలి యుపకరించును.

ఇది క్రొత్త తలంపు కాదు. కొమీనియస్ అను విద్యావేత్త 1658లో, బొమ్మలకు అంకెలు వేసి, ఆ అంకెల ననుసరించి లాటిను, జర్మను వాక్యములు గూర్చిన బాలగ్రంథమును న్యూరెంబర్గున ప్రకటించెను. మరుసటి యేడే దాని ఆంగ్లానువాదము వెలువడెను. బొమ్మనుండి పదములకును, పదములనుండి వాక్యములకును నడిపించు పద్ధతిని ఎమిలీ కాల్హూన్ 1999లో గ్రంథరూపమున వివరించిరి.

మేము తరగతిలో ననుసరించు క్రమ మిట్టిది. కూరగాయల సంత పటము నొకదానిని కడపటి బల్లవారికిని కనబడునట్లు గోడకు దగిలింతుము. మొదట పిల్లలు తమకు దోచినది తెలుగుననే చెప్పుదురు. పిమ్మట వారు చూపిన ప్రతి వస్తువునుండి అంచువరకు గీత గీసి, అచ్చట ఆంగ్లపదము వ్రాసి, అక్షరములను అందరిచేత పలికింతుము. ఒక పటమునకు పది పదునైదు మాటలు చాలును. ఆ మాటలను చీటీలపై వ్రాసి, పేర్లు, పనులు, గుణములు అని పిల్లలే వేరుపరతురు.

వాక్యమున కసలు చిక్కు వచ్చును. తెలుగున క్రియ చివర నుండును. ఆంగ్లమున కర్త వెంటనే వచ్చును. కావున పిల్లలు "ది ఉమన్ టొమాటోస్ సెల్లింగ్" అని వ్రాయుదురు. ఎవరు, ఏమి చేయుచున్నారు, దేనిని అని మూడు గడులు గీసి చీటీల నమర్పించిన క్రమము కుదురును. "అమ్ముచున్నది" అను మన యొక్క మాటకు వారికి "ఈజ్ సెల్లింగ్" అని రెండు మాటలు వలయుననియు అప్పుడే చూపవలెను.

ఇచ్చట మా తప్పు నొకటి చెప్పుకొందుము. ఒక బాలిక పుస్తకమున ప్రతి దోషమును ఎర్రసిరాతో దిద్దితిమి. మరుసటి వారము ఆమె "దిస్ ఈజ్ ఎ మ్యాన్" అను నొక్క వాక్యమే వ్రాసి తెచ్చెను. తప్పు లేదని మెచ్చుకొంటిమి. పిదప పటమును చూపి తెలుగున నడుగగా, "ముసలమ్మ సరుకేమియు అమ్ముడుపోలేదండి, వాన వచ్చునేమో యని ఆకాశము చూచుచున్నది" అనెను. ఇంత కథను మా సిరా అణచివేసెనని సిగ్గుపడితిమి. నాటినుండి ఒకసారి కొక విధమగు దోషమునే దిద్దుచున్నాము. కొన్నాళ్లకామె "షి ఈజ్ లుకింగ్ ది స్కై" అని వ్రాసెను. "ఎట్" లోపించినది; ఆ దినమున దానిని దిద్దలేదు.

తల్లిదండ్రులారా, మీకు ఆంగ్లము రాకున్నను కొదువ లేదు. ఇంటనున్న క్యాలెండరు బొమ్మను చూపి, వీరేమి చేయుచున్నారు, ఎందులకు, తరువాత నేమగును అని తెలుగున నడుగుడు. చెప్పుటకు విషయము గల బిడ్డకు మాటలు నేర్పుట మాకు సులభము.