గెట్టు కాచే కుక్క: జర్మన్ షెపర్డ్ స్వభావం, పోషణ

కీసరగుట్ట పరిసరాలలోని చల్కా నేలల్లో ఫామ్‌హౌస్‌లు పెరిగిన కొద్దీ, గేటు పక్కన గొలుసుతో కట్టిన జర్మన్ షెపర్డ్ పరిపాటి దృశ్యమైంది. మనవాళ్లు దీనిని అల్సేషియన్ అనడమే ఎక్కువ. సస్యశాస్త్రం బోధించేవారికి కుక్కలతో పనేమిటని పాఠకులు అడగవచ్చు. గత వేసవిలో చూసిన ఒక సంఘటన ఈ వ్యాసానికి కారణం.

కీసర సమీపాన ఒక రైతు ఎరువు కోసం తన దుక్కిలో గొర్రెల మంద పెట్టించాడు. పక్క ఫామ్‌హౌస్‌లోని షెపర్డ్ గొలుసు తెంచుకొని వచ్చి, మొరుగుతూ మంద చుట్టూ పరుగులు తీసింది. ఒక్క గొర్రెనూ కరవలేదు. అయినా బెదిరిన మంద వల కంచె మీద పడగా రెండు పిల్లలు నలిగి చనిపోయాయి. యజమాని గొర్లకాపరికి పరిహారం చెల్లించి, కుక్కకు పిచ్చి పట్టిందని, ఎవరికైనా ఇచ్చివేస్తానని అన్నాడు.

ఆ కుక్కకు పిచ్చి పట్టలేదు. ఎవరూ నేర్పని తన వంశవృత్తిని అది చేసింది.

జర్మనీలో మేత భూములకు, పంట చేలకు మధ్య చాలాచోట్ల కంచె ఉండేది కాదు. గొర్రెలు పైరులోకి దిగకుండా సరిహద్దు చాలు వెంట రోజంతా అటూ ఇటూ తిరిగే కుక్కే అక్కడ కంచె. మందను చూపుతో అదిలించి ఒకచోటికి చేర్చే బోర్డర్ కోలీ పని వేరు. రాత్రి మంద పక్కన పడుకొని తోడేళ్లను చూసి మొరిగే మన గొర్లకాపరుల ఊరకుక్క పని వేరు. ఈ సరిహద్దు కుక్కలనే ఎంచుకొని, అశ్విక దళాధికారి మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ 1899లో హోరాండ్ అనే కుక్కతో జాతిని స్థిరపరిచాడు. పోలీసు, సైనిక విధులు తరువాత వచ్చినవే. పైరును కాపాడేందుకు తయారైన జంతువు కనుక, ఇది మా శాస్త్రానికి పూర్తిగా పరాయిది కాదనుకుంటాను.

హద్దును గుర్తించడం, కదిలేదాని వెంట పడడం, ఒక్క యజమాని మాటకు చెవి ఒగ్గడం, కొత్తవారిని అనుమానించడం దీని స్వభావం. వీటికి పని కల్పించకపోతే అవే దోషాలుగా మారతాయి. గొలుసుకు కట్టిన షెపర్డ్ కాపలాకు పదునెక్కుతుందన్నది అపోహ. అది భయంతో కరిచే కుక్కగా తయారవుతుంది. మూడు నాలుగు వారాల వయసు నుండి సుమారు మూడు నెలల వరకు కూన చూసిన మనుషులు, పశువులు, శబ్దాలే దానికి జీవితాంతం పరిచితాలు. టీకాలు పూర్తికాని ఆ వయసులో వీధికుక్కల దగ్గరకు పోనీయకుండా, చంకన ఎత్తుకొనైనా మందను, ట్రాక్టరును చూపించాలి.

ఎదిగిన మగకుక్క 60–65 సెంటీమీటర్ల ఎత్తు, 30–40 కిలోల బరువు ఉంటుంది. త్వరగా పెరగాలని కూనకు అతిగా మేపడం, కాల్షియం టానిక్‌లు పట్టడం ఈ జాతికి హానికరం. వంశపారంపర్యంగా వచ్చే తుంటి కీలు లోపాన్ని అధిక బరువు ముదిరిస్తుంది. అన్నం, పెరుగుతో సరిపెట్టక మాంసకృత్తులు తగినంత ఇవ్వాలి. ఆహారాన్ని రెండు పూటలుగా పంచాలి. తిన్న వెంటనే పరుగెత్తించరాదు. ఛాతీ లోతైన ఈ కుక్కలలో కడుపు ఉబ్బి మెలితిరిగితే కొన్ని గంటలలోనే ప్రాణం పోవచ్చు.

ఇక మన ఎండలు. చర్మాన్ని అంటి ఉండే నూగును దువ్వి తీయాలే తప్ప బొచ్చు గొరిగించరాదు. ఆ బొచ్చే ఎండకు అడ్డు. రేకుల గూడు కన్నా కానుగ నీడ మేలు. నడక సూర్యోదయానికి ముందు, చీకటి పడ్డాక. విపరీతంగా రొప్పుతూ తూలితే మామూలు నీటితో ఒళ్లంతా తడిపి, గాలి విసురుతూ వెంటనే పశువైద్యుని వద్దకు తరలించాలి. వర్షాకాలంలో పిడుదుల కోసం చెవుల వెనుక, వేళ్ల సందుల్లో వెదకాలి. మూడు నెలలకు రేబిస్ టీకా, ఆపై ఏటేటా తప్పనిసరి.

పొలంలో పెరిగే కుక్కకు మరో ముప్పు మన చేతులతోనే కలుగుతుంది. ఎలుకలకు పెట్టే జింక్ ఫాస్ఫైడ్ ఎరను తింటే దానికి విరుగుడు మందు లేదు. ఎర పెట్టిన రోజుల్లో కుక్కను వదలరాదు. ద్రాక్ష తోటలున్నవారు రాలిన పండ్లను ఏరివేయాలి. ద్రాక్ష కుక్కల మూత్రపిండాలను దెబ్బతీయగలదు.

ఆ యజమాని చివరకు కుక్కను ఇచ్చివేయలేదు. ఉదయం, సాయంత్రం తాడు పట్టుకొని నాలుగు గెట్ల వెంట తిప్పుతున్నాడు. పిలిస్తే ఆగడం నేర్పాడు. ఈ ఏడు పక్క చేనులో మంద దిగిన మూడు రాత్రులూ దానిని ఇంటి లోపల ఉంచి, ముందే కాపరికి కబురు చేశాడు.