కాలికింద నేల చూసుకో నాయనా

ఆత్మకూరు

మేనల్లుడికి,

ఉదయగిరిలో లారీల షెడ్డులో చేరావని అక్క ఫోన్లో చెప్పింది. సంతోషం. పని మేస్త్రీ నేర్పుతాడు. నేల సంగతి మాత్రం నేను చెబుతాను, షెడ్లలో దాన్ని చెప్పేవాళ్లు తక్కువ.

ఆయిల్ మార్చేటప్పుడు కాస్త ఒలుకుతుంది. "తర్వాత తుడుద్దాంలే" అంటారు. ఈలోగా ఎవరో ఒకరు అటు నడుస్తారు. ఉత్తచేతులతో పడితే మోచేయి దోక్కుపోవడంతో పోవచ్చు. ఇద్దరు గేర్‌బాక్సు మోస్తుండగా ఒకడి కాలు జారితే రెండోవాడి పాదం నుజ్జవుతుంది. బిగుసుకున్న బోల్టుకు స్పానరు వేసి ఒంట్లో బలమంతా పెట్టి లాగుతుంటావు చూడు, అది వదిలిన క్షణాన కాలికింద జిడ్డు ఉంటే వెల్లకిలా పడతావు. తల ఏ ఇనుముకు తగులుతుందో చెప్పలేం. స్పానరు పట్టే ముందు కాళ్లు ఎక్కడున్నాయో చూసుకో.

ఒలికించింది ఎవరైనా, చూసినవాడు తుడవాలి. రంపపు పొట్టు చల్లి, పీల్చుకున్నాక ఊడ్చెయ్యి. మీ ఊరు చెక్క గరిటెలకు పేరుపడింది, పొట్టుకేం కరువు? ఊడ్చింది వెల్డింగు దగ్గర పొయ్యొద్దు, అంటుకుంటుంది. డీజిలుతో నేల కడగొద్దు. మురికి పోతుంది గానీ జారుడు మిగులుతుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మరీ జాగ్రత్త. మన జిల్లాకు పెద్ద వానలు అప్పుడే. టైర్లు మోసుకొచ్చిన నీళ్లమీద ఆయిల్ పల్చగా పరుచుకుంటుంది. రంగులు తేలుతూ కనిపించిన చోట అడుగు వెయ్యొద్దు. క్యాబిన్‌లోంచి దూకొద్దు, మొహం లారీవైపు పెట్టి, పట్టుకుని దిగు.

పడితే దాచొద్దు. "నా ఖర్మ" అని కట్టు కట్టుకుని ఊరుకునే అలవాటు మనవాళ్లకుంది, అది నాకు గిట్టదు. ఆసుపత్రి చీటీలో షెడ్డులో పనిచేస్తూ జారిపడ్డానని రాయించు. ఓనరుకు ఆ రోజే కాగితం ఇచ్చి, నకలు నీ దగ్గర పెట్టుకో. 1923 నాటి నష్టపరిహార చట్టం కిందికి వాహనాల మరమ్మతు పని వచ్చేది. ఇప్పుడు ఆ చట్టం 2020 సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. పరిహారం అడగడానికి గడువు రెండేళ్లు. చిన్న షెడ్డని ఎవరైనా తోసిపుచ్చితే నమ్మొద్దు, నాకు చెప్పు, ఇద్దరం కలిసి కార్మిక శాఖ ఆఫీసుకు పోదాం.

హవాయి చెప్పులతో పనిలోకి పోవద్దు. ఆయిల్‌లో జారని అడుగున్న బూట్లు ఓనరును అడుగు. ఇవ్వకపోతే అమ్మను ఇబ్బంది పెట్టకుండా నాకు ఫోన్ చెయ్యి, డబ్బు పంపిస్తాను. బూట్లు వచ్చేదాకా గేర్‌బాక్సు మొయ్యొద్దు.

మీ మామ