చెప్పిన టైముకే చేరే కారు

కారు పందెమంటే ఎవరి బండికి వేగం ఎక్కువైతే వారిదే గెలుపు అనుకుంటాం. కాని అమెరికాలో జరిగే డ్రాగ్ రేసింగ్‌లో బ్రాకెట్ రేసింగ్ అనే ఒక పద్ధతి ఉంది. అందులో పాత డొక్కు కారు కూడా ఖరీదైన కారును ఓడించగలదు. ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో కొలతల దోషాల గురించి చదివేటప్పుడు నాకు దీనిమీద ఆసక్తి కలిగింది. ప్రాక్టికల్స్ చేసే మన హాస్టల్ తమ్ముళ్ళకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

డ్రాగ్ రేసులో రెండు కార్లు నిలబడిన చోటు నుండి బయలుదేరి తిన్నని దారిలో పావు మైలు, అంటే సుమారు 402 మీటర్లు పరుగెత్తుతాయి. 1951లో వాలీ పార్క్స్ స్థాపించిన నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ ఈ పోటీలు నడిపే పెద్ద సంస్థ. బ్రాకెట్ పందెంలో ప్రతి డ్రైవరూ తన కారు ఎన్ని సెకన్లలో చేరుతుందో ముందే అద్దం మీద రాయాలి. దీన్ని డయల్-ఇన్ అంటారు. ఒకరు 12.00, మరొకరు 15.50 అని రాస్తే రెండో కారుకు పచ్చలైటు 3.50 సెకన్లు ముందు వెలుగుతుంది. మెలిక ఏమిటంటే, రాసిన టైము కన్నా ముందే చేరితే ఓటమి! ఇద్దరూ అలా చేస్తే తక్కువ తేడాతో తప్పినవారు గెలుస్తారు. డబ్బున్నవాడికే గెలుపు రాకుండా చేసిన ఈ నియమం నాకు ఎంతో నచ్చింది.

ఒక లెక్క చూడండి. మొదటి కారు నాలుగు పరుగుల్లో 11.95, 12.06, 11.98, 12.05 సెకన్లు తీసుకుందనుకుందాం. సగటు 12.01. అదే అద్దం మీద రాస్తే నాలుగింట రెండుసార్లు ఓటమే. రెండో కారు 15.50, 15.51, 15.49, 15.50 తీసుకుంది. దాని డ్రైవరు ధైర్యంగా 15.49 రాయవచ్చు. సెకనులో నూరోవంతు ఏపాటి అంటారా? గంటకు 180 కిలోమీటర్ల వేగంలో అది అర మీటరు దూరం.

మరి ఈ తేడాలు ఎక్కడినుండి వస్తాయి? ఎక్కువ భాగం బయలుదేరే చోటనే. అందుకే మొదటి 60 అడుగుల టైమును విడిగా కొలుస్తారు. అక్కడ కోల్పోయిన వేగం చివరిదాకా వెంటాడుతుంది. టైర్లలో గాలి ఒకే మీటరుతో, ప్రతి పరుగుకు ముందు చూడాలి. ఎండ తగిలే వైపు టైరులో ఒత్తిడి పెరుగుతుంది. పరుగుకు ముందు టైర్లను నేలమీద గిరగిర తిప్పి వేడి చేస్తారు, అది కూడా ప్రతిసారీ అంతే సేపు చేయాలి. గీత దగ్గర కారు ముందు చక్రం ఒక కాంతికిరణాన్ని అడ్డుకుని నిలుస్తుంది. చక్రం ఆ కిరణాన్ని వదిలాకే గడియారం మొదలవుతుంది. కాస్త వెనక నిలబడితే గడియారం మొదలయ్యేలోపే కారు కొంత పరుగు అందుకుంటుంది, టైము తగ్గుతుంది. ముందుకు జరిగి నిలబడితే పెరుగుతుంది. ఎక్కడ నిలిపినా ఫరవాలేదు, రోజూ అక్కడే నిలపాలి.

ఇంజను నీటి వేడి, గేర్‌బాక్సు ఆయిలు వేడి, బ్యాటరీ ఛార్జి, గేరు మార్చే ఇంజను వేగం కూడా మారకూడదు. పెట్రోలు సైతం బరువే. సుమారు 45 కిలోలు పెరిగితే పావు మైలుకు 0.1 సెకను ఆలస్యమని రేసర్ల మోటు లెక్క. పది లీటర్ల పెట్రోలు ఏడు కిలోల పైచిలుకు. మీరే త్రైరాశికం వేసి చూడండి.

మన చేతిలో లేనిది వాతావరణం. చల్లని గాలి చిక్కగా ఉంటుంది, అందులో ఆక్సిజన్ ఎక్కువ, ఇంజను శక్తి పెరుగుతుంది. వేడి, తేమ పెరిగినా, ఎత్తైన ప్రదేశానికి వెళ్ళినా శక్తి తగ్గుతుంది. వీటన్నిటినీ కలిపి, ఇప్పుడున్న గాలి ఎంత ఎత్తులోని ప్రామాణిక గాలికి సమానమో లెక్కగడతారు. దానిపేరు డెన్సిటీ ఆల్టిట్యూడ్. అనుభవం గల డ్రైవరు ప్రతి పరుగుకూ ఈ సంఖ్యను, ఎదురుగాలిని, టైర్ల ఒత్తిడిని, 60 అడుగుల టైమును నోటు పుస్తకంలో రాస్తాడు. ఏదైనా మార్చితే ఒక్కటే మార్చి మళ్ళీ పరుగెత్తిస్తాడు. రెండు కలిపి మారిస్తే ఫలితం దేనివల్లో తెలియదు. మధ్యాహ్నం 15.50 రాసినవాడు సాయంత్రం చల్లబడ్డాక ఆ పుస్తకం తిరగేసి, అద్దం మీద అంకె తుడిచి 15.42 అని రాస్తాడు.